చప్పుడు చేయని నట్టు

మా బావ ఆ వారమంతా ఒక్కటే ప్రశ్నతో నా ప్రాణం తీశాడు. ఒక ఇంజనున్న కొత్త విమానం కొనాలా, రెండు ఇంజన్లున్న పాతది కొనాలా? పైగా నీ మాటే ఆఖరు మాట, నువ్వేది చెబితే అదే అన్నాడు. పాతికేళ్ళుగా చిన్న విమానాలను విప్పడం, బిగించడమే నా బతుకు కాబట్టి నన్ను అడగడంలో వింతేమీ లేదు. కానీ ఆ విమానంలో ఆయన పక్క సీట్లో కూర్చునేది మా అక్క. నేను తప్పు చెబితే పోయేది వాళ్ళిద్దరూ. ఆ వారం నాకు తిండి సహించలేదు, నిద్ర పట్టలేదు, షెడ్డులో నా నోటికి జడిసి ఎవరూ నా దగ్గరికి రాలేదు.

బావ కళ్ళ డాక్టరు. ప్రతి గురువారం పొద్దున్నే ఒక దీవికి వెళ్ళి అక్కడివాళ్ళకి కళ్ళు చూసి, పొరలు తీసి, సాయంత్రానికి తిరిగొస్తాడు. పడవలో అయితే పూటంతా పట్టే దారి, విమానంలో నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ కింద నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. అక్క ఒళ్ళో మ్యాప్ పరుచుకుని పక్కన కూర్చుంటుంది. దారి చూడటం, గాలి లెక్క వేయడం, రేడియోలో మాట్లాడటం అన్నీ ఆవిడే. బావ చేసేదల్లా నడపడం, దిగాక అంతా తనే చేసినట్టు చెప్పుకోవడం. పదకొండేళ్ళుగా వాళ్ళ కాపురం సగం ఆకాశంలోనే జరిగింది.

నెల కిందట నీళ్ళ మధ్యలో వాళ్ళ పాత విమానం ఇంజను దగ్గింది. లోపల మంచు కట్టి ఊపిరాడక పది సెకన్లు ఆగి ఆగి కొట్టుకుంది. బావ వేడి గాలి పెట్టాడు, మంచు కరిగింది, ఇంజను సర్దుకుంది. దిగేసరికి బావ చొక్కా తడిసి ముద్దయింది. అక్క చేతిలోని మ్యాప్ అంచు చిరిగిపోయి ఉంది. ఆవిడ ఆ చిరుగుకి టేపు అంటించి మడిచి బ్యాగులో పెట్టుకుంది. బావకి మాత్రం ఆ రోజు నుంచి రెండు ఇంజన్ల పిచ్చి పట్టుకుంది. ఒకటి ఆగితే ఇంకొకటి ఉంటుంది కదే అని కనిపించిన ప్రతిసారీ అనేవాడు.

నాకూ లోపల్లోపల అదే మాట నచ్చింది. నిజం చెప్పొద్దూ, కొత్త విమానాలంటే నాకు గిట్టదు. నిగనిగలాడుతూ, ముట్టుకుంటే మాసిపోయేలా ఉంటాయి. పాత ఇంజన్ల ముందు మాత్రం నేను ఇప్పటికీ చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిలబడతాను. ఇన్ని ఇనుప ముక్కలు కలిసి మనిషిని మబ్బుల పైకి తీసుకుపోతున్నాయంటే, అవన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే అయినా, నాకు నమ్మకం కుదరదు.

శనివారం పొద్దున రెండింటినీ చూడటానికి బయల్దేరాం. రెండూ ఒకే మైదానంలో ఉన్నాయి, ఈ కొసన కొత్తది, ఆ కొసన పాతది. ముందు కొత్తదాని దగ్గరికి వెళ్ళాం. దాన్ని అమ్మే పెద్దమనిషి ఎండలో కోటు వేసుకుని నిలబడ్డాడు కాబట్టి ఆయనకి నేను కోటాయన అని పేరు పెట్టాను. రెక్క మీద అడుగు పెట్టాలంటే బూట్లు విప్పాలని కోటాయన చేతులు కట్టుకుని బతిమాలాడు. రంగు మీద గీత పడుతుందట. బావ బూట్లు విప్పి విమానం ముక్కు కింద జతగా పెట్టి, మేజోళ్ళతో రెక్క ఎక్కి లోపల కూర్చున్నాడు.

లోపల కోటాయన మీట నొక్కగానే రెండు పెద్ద అద్దాల మీద లోకమంతా వెలిగింది. కొండలు, నీళ్ళు, ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ వాన ఉందో అన్నీ రంగుల్లో కనబడుతున్నాయి. నేను మొహం ముడుచుకునే చూశాను. తరవాత ఆయన నెత్తి మీదున్న ఒక ఎర్ర పిడి చూపించాడు. ఇంజను ఆగిపోయినా, నడిపేవాళ్ళకి ఏమైనా అయినా, పక్కన ఉన్నవాళ్ళు ఆ పిడి లాగితే చాలట. వెనక నుంచి పెద్ద గొడుగు విచ్చుకుని మొత్తం విమానాన్నే మోసుకుంటూ కిందికి దించుతుందట. వాన గొడుగుతో తిరిగే విమానాన్ని ఇప్పుడే చూస్తున్నానని నేను వెటకారం చేశాను కానీ, నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నలుగురు మనుషుల్ని, ఇంజన్ని, రెక్కల్ని కలిపి ఒక గుడ్డ మోస్తుందంటే మాటలా. అక్క మాత్రం చెయ్యి పైకి చాచి, ఆ పిడి తనకి అందుతుందో లేదో చూసుకుంది.

నేను ముక్కు మీది మూత విప్పి ఇంజను చూడటం మొదలుపెట్టాను. తప్పు దొరక్కపోతుందా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అది చాలదన్నట్టు, ఆ ఇంజను ఎగిరిన ప్రతి నిమిషంలో ఏ సిలిండరు ఎంత వేడెక్కిందో కూడా లోపల రాసి పెట్టుకుంటుందట. మాకు దాని కడుపులో ఏముందో విప్పి, వాసన చూసి, వేలు పెట్టి తెలుసుకోవడం అలవాటు. ఇదేమో అడక్కముందే తన గోడంతా చెప్పుకుంటోంది. నాకు ఆశ్చర్యమూ ఒళ్ళుమంటా ఒకేసారి కలిగాయి.

ఆ ఒళ్ళుమంటలోనే చెయ్యి జారింది. పొగగొట్టం పట్టీ విప్పుతుంటే దాని నట్టు, శనగగింజంతది, వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. చెవులు రిక్కించాను. నట్టు పడితే నేల ఠంగుమంటుంది, ఆ చప్పుడును బట్టి ఎటు దొర్లిందో మాకు తెలిసిపోతుంది. కానీ ఏ చప్పుడూ రాలేదు.

మా పనిలో ఒక నియమం ఉంది. జారిపోయిన ముక్క చేతికి దొరికేదాకా విమానం కదలదు. అది ఎవరిదైనా సరే, ఎంత తొందరున్నా సరే. ఆ శనగగింజంత నట్టు ఇంజన్ని అదుపు చేసే ఏ కడ్డీ సందులోనో ఇరుక్కుంటే, సరిగ్గా దిగే సమయానికి ఆ కడ్డీ కదలదు. అందుకని దీపం, అద్దం, అయస్కాంతం పట్టుకుని ఇంజను సందు సందూ గాలించాను. కోటాయన కోటుతోనే నేల మీద పాకాడు. బావ దిగొచ్చి బూట్లు తొడుక్కుని, కళ్ళు చూసే చిన్న టార్చి తీసి తనూ వెతికాడు. అక్క నేలంతా ఊడ్చి, దుమ్ముని వేళ్ళతో జల్లించింది. రెండు గంటలైంది. తల ప్రాణం తోకకొచ్చింది కానీ నట్టు రాలేదు.

చప్పుడు రాలేదంటే నేల మీద పడలేదు, ఇంజన్లోనే ఎక్కడో దాక్కుంది అని తేల్చేశాను. ఎర్ర చీటీ మీద సంతకం చేసి దాని ముక్కుకి వేలాడదీశాను. ఇక ఈ రోజుకి ఇది ఎగరదు. కోటాయన మొహం చూస్తే జాలేసింది. బావ మాత్రం నవ్వుతూ, కొత్తదానికి మనతో రావడం ఇష్టం లేదే మరదలా, పద పాతదాని దగ్గరికి అన్నాడు. ఆ కొస దాకా కిలోమీటరు పైనే ఉంటుంది. హుషారుగా మా అందరికన్నా ముందు నడిచాడు.

పాతదాని యజమానురాలిని మైదానంలో అందరూ కెప్టెనమ్మ అంటారు. డెబ్బై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, సీట్లో దిండు వేసుకుంటే గానీ ముందున్నది కనబడదు. నలభై ఏళ్ళు విమానం నడపడం నేర్పిన చెయ్యి. మా బావలాంటివాళ్ళని వందమందిని చూసి ఉంటుంది, అందుకే ఆయన డాక్టరుగిరీకి ఏమీ చలించలేదు. తలుపు తెరిచి, బూట్లతోనే రండి, అది చూడని బురద లేదు అంది.

నలభై అయిదేళ్ళ విమానం అది. రంగు వెలిసి, సీట్ల అంచులు అరిగి ఉంది. నేను కుడి ఇంజను మూత ఎత్తాను, అంతే, అక్కడే నిలబడిపోయాను. నట్లు వదులు కాకుండా వాటికి సన్నని తీగ మెలిపెట్టి కడతాం. ఆ మెలిక ఎవరిది వాళ్ళకే ఉంటుంది, చేతిరాతలాగే. అక్కడున్న మెలికలు మా గురువుగారివి. బిగుతుగా, దగ్గరదగ్గరగా, చివర చిన్న కొక్కెంలా వంచి ఉన్నాయి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. తెలియక తప్పు చేస్తే నా వేళ్ళ మీద స్పానరుతో కొట్టిన మనిషి. ఆయన కట్టిన తీగ ఇంకా ఆ నట్టుని పట్టుకునే ఉంది, ఇంకా మనుషుల్ని పైకి మోస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళకి మసి పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. అప్పుడే మనసులో తీర్పు అయిపోయింది. ఇక ఎగిరి చూడటం పేరుకే.

ఎక్కాం. బావ ఎడమ సీట్లో, కుడి పక్క దిండు మీద కెప్టెనమ్మ, వెనక నేనూ అక్కా. రెండు ఇంజన్లు ఒకదాని తరవాత ఒకటి గొంతు సవరించుకుని, ఆపైన రెండూ కలిసి ఒకే స్వరం పట్టుకున్నాయి. మైదానం కింద చాపలా పరుచుకుంది. బావ చక్కగానే నడిపాడు. బాగా ఎత్తుకి చేరాక కెప్టెనమ్మ, ఇప్పుడు దీన్ని ఎందుకు కొంటారో చూపిస్తాను అని, ఎడమ ఇంజన్ని నిజంగానే ఆపేసింది.

నేను పాతికేళ్ళలో ఎన్నో ఇంజన్లు ఆగి ఉండగా చూశాను, అన్నీ నేల మీదే. ఇది నా కిటికీ బయట, ఆకాశం మధ్యలో ఆగింది. ఇంజను ముందున్న పంకా రెక్కలు కత్తి అంచులా గాలికి తిరిగి, మెల్లబడి, నిలిచిపోయాయి. పంకా రెక్క ఒకదాని మీద, ఎక్కేముందు నేను చూసిన చిన్న గీత కూడా కనబడుతోంది. మరకలు కనబడుతున్నాయి. కింద పొలాలు వెనక్కి పరిగెడుతుంటే అది మాత్రం గోడకి కొట్టిన మేకులా కదలకుండా ఉంది. సగం చప్పుడు పోయింది, అయినా మేం పడటం లేదు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొదట భయంతో పట్టుకుందనుకున్నాను. ఆవిడ మొహం చూస్తే భయం లేదు, నిద్ర లేచి మొదటిసారి సముద్రం చూసిన పిల్ల మొహంలా ఉంది. ఇది ఆగింది, మనం ఎగురుతున్నామే అని రెండుసార్లు అంది.

కెప్టెనమ్మ ఆగినదాన్ని మళ్ళీ తిప్పింది. ఆపైన ఇప్పుడు మీ వంతు డాక్టరుగారూ అంది. అక్క ఒళ్ళోని మ్యాప్ అడిగి తీసుకుని, ఇంజన్ల మీటలనూ వాటి బలం చూపించే ముళ్ళనూ దానితో కప్పేసింది. మ్యాప్ కింద చెయ్యి పెట్టి ఏదో ఒక ఇంజను బలం తగ్గిస్తుంది. ఏది తగ్గించిందో బావ చెప్పాలి. కిటికీలోంచి చూసి చెప్పడానికి లేదు, బలం పోయినా ఆ పంకా గాలికి తిరుగుతూనే ఉంటుంది. కాళ్ళతోనే చెప్పాలి. ఒక పక్క ఇంజను పోతే విమానం ముక్కు ఆ పక్కకి తిరిగిపోతుంది, దాన్ని తిన్నగా నిలబెట్టాలంటే రెండో పక్క కాలితో పెడలు గట్టిగా తొక్కాలి. అంటే ఏ కాలికి పని లేదో ఆ పక్క ఇంజను చచ్చినట్టు. ఈ విమానాలు నడిపేవాళ్ళకి ఇది మొదటి పాఠం. కెప్టెనమ్మ దీన్ని బావకి ఎక్కేముందే రెండుసార్లు చెప్పి, తిరిగి ఆయన చేత చెప్పించింది.

ఉన్నట్టుండి ముక్కు కుడికి తిరిగింది. బావ కిటికీలోంచి చూసి వెంటనే తిన్నగా నిలబెట్టాడు. బాగుంది, ఏది పోయింది అని ఆవిడ అడిగింది. ఆయన ఒక్క క్షణం తన కాళ్ళ మాట వింటున్నట్టు ఆగాడు.

"ఎడమ కాలికి పని లేదు. ఎడమ ఇంజను పోయింది," అన్నాడు. అంటూనే మ్యాప్ కింద చెయ్యి పెట్టి ఎడమ ఇంజన్ని పూర్తిగా ఆపే మీట పట్టుకున్నాడు.

కెప్టెనమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. చాలా నెమ్మదిగా పట్టుకుంది.

"అది వదలండి డాక్టరుగారూ. ఇప్పుడు మనల్ని మోస్తున్నది అదే."

నేను సీట్ల సందులోంచి ముందుకి వంగి చూశాను. బావ ఎడమ మోకాలు చాచి ఉంది. తొక్కుతున్నది ఎడమ కాలే. తొక్కుతున్న కాలికే పని లేదంటున్నాడేమిటి ఈయన అనుకున్నాను. కానీ మా బావ మంచి డాక్టరు, కంగారు మనిషి, నాకు ఆ రెండూ తెలుసు. ఆ తప్పుని కంగారు కింద జమ వేసేశాను.

దిగాక బావ మొహం చిన్నబోయింది. కెప్టెనమ్మ ఊరడించింది. మొదటి రోజు తనూ తప్పే చెప్పిందట, పదిమందిలో ఆరుగురు చెబుతారట, పది గంటలు నేర్చుకుంటే కాళ్ళకి అదే వస్తుందట. ఆ మాటతో ఆయనకి ప్రాణం లేచొచ్చింది. షెడ్డు ముందున్న బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ, అయితే పది గంటలు నేర్చుకుంటాను, ఇదే తీసుకుందాం, రెండుండాలి నీళ్ళ మీద అన్నాడు. నా వైపు తిరిగి, ఇంక నీ నోటి మాట చెప్పవే అన్నాడు. నేను నోరు తెరిచాను. గురువుగారి తీగ మెలికలు నా కళ్ళ ముందు ఉన్నాయి. పాతదే అనబోతున్నాను.

"మీ కాలికి ఏమైంది?" అంది అక్క.

సిమెంటు నేల మీద విమానం నుంచి బల్ల దాకా అడుగులు ఉన్నాయి. ఎడమ అడుగు పడిన చోటల్లా ఒక పక్కగా ఎర్రటి మరక ఉంది. బావ కిందికి చూసి, ఎక్కడో నూనె తొక్కి ఉంటానన్నాడు. నూనె ఎర్రగా ఉండదని ఆయనకి తెలుసు, మా అందరికీ తెలుసు. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ బూటు ముడి విప్పింది. ఆయన వద్దన్నాడు. ఆవిడ వినలేదు. మేజోడు అరికాలు మేర రక్తంతో తడిసి అతుక్కుపోయి ఉంది. అక్క బూటుని తలకిందులు చేసి దులిపింది.

ఠంగుమంది.

పొద్దున్నుంచి నేను వినాలని చెవులు పెట్టుకుని కూర్చున్న చప్పుడు అది. నట్టు సిమెంటు మీద రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. చప్పుడు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. విమానం ముక్కు కింద జతగా పెట్టిన బూటులో మెత్తగా పడింది. మేం ఇంజన్నీ, నేలనీ, దుమ్మునీ వెతికాం. కాలికి తొడుక్కున్న బూటులో ఉంటే మనిషికి తెలియదా అని ఎవరూ వెతకలేదు. ఆయన ఆ నట్టు మీద రెండు గంటలు నిలబడ్డాడు, కిలోమీటరు హుషారుగా నడిచాడు, పెడలు తొక్కాడు. ఆయనకి తెలియలేదు.

బావ తన అరికాలిని తనే వేరే ఎవరిదో రోగిది చూసినట్టు చూసుకున్నాడు. గోటితో గీశాడు. మళ్ళీ గీశాడు.

"ఎనిమిది నెలలైంది," అన్నాడు. "ముందు చిటికెన వేలు. తరవాత అరికాలు మొత్తం. నడుములో నరం నొక్కుకుంటోంది."

మిగతాది ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గంటల తరబడి వంగి కళ్ళు కోసే పని, నడుము అరిగిపోయింది. తొడలో, పిక్కలో బలం ఉంది, తొక్కగలడు, కానీ తొక్కుతున్నట్టు అరికాలికి తెలియదు. ఇందాక పైన కుడి పెడలు వెనక్కొచ్చి కుడి అరికాలికి తగిలింది, ఎడమ అరికాలికి ఏమీ తగల్లేదు. అందుకే ఎడమ కాలికి పని లేదనుకున్నాడు. విమానం నడిపేవాళ్ళకి ఏటా చేసే ఆరోగ్య పరీక్ష కాగితంలో కాళ్ళలో స్పర్శ తగ్గిందా అన్న చోట లేదని రాశాడు. రాస్తే గురువారాలు ఆగిపోతాయి. దీవిలో నలభై మంది కళ్ళకి పొరలు కమ్మి ఆయన కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన చెయ్యి పడితే పోయిన చూపు తిరిగొస్తుందని ఊరంతా మెచ్చుకునే మనిషి, తన కాలిని మాత్రం చూసుకోలేదు.

ఇందాక పైన కదలకుండా నిలిచిపోయిన ఆ పంకా కళ్ళ ముందు మళ్ళీ కనబడింది. ఈసారి కింద నీళ్ళున్నాయి, కెప్టెనమ్మ లేదు, పక్కన అక్క ఉంది. ఒక ఇంజను తనంత తాను ఆగింది. రెండోదాన్ని బావ తన చేత్తో ఆపేశాడు. ఇంకొక్క నిమిషం అక్క ఆగి ఉంటే ఆ విమానమే కొనండి అని నేను చెప్పి ఉండేదాన్ని. ఇంజన్ల సందు సందూ దీపం పెట్టి చూశాను, వాటిని నడిపే మనిషిని చూడలేదు. ఆయన మీద కోపం రావాల్సింది పోయి నా మీద నాకు కోపమొచ్చింది. అంతకు మించి భయమేసింది, ఆ భయంలో ఏదో దండం పెట్టుకోవాలనిపించే వింత కూడా ఉంది. ఒక ప్రాణం నిలబడటానికి ఎన్ని కలిసి రావాలో చూడు. నా చెయ్యి జారింది, కోటాయన రంగు మీద గీత పడుతుందని బతిమాలాడు, ఆ బూటు సరిగ్గా అక్కడే ఉంది.

కెప్టెనమ్మ మందుల పెట్టె తెచ్చింది. బావని తిట్టలేదు. మీరు అబద్ధం చెప్పింది కాగితానికి, మీ కాలు అబద్ధం చెప్పింది మీకు అంది. ఆపైన తన పాత విమానం వైపు చూస్తూ, ఇది మంచిదే కానీ ఒకటి పోయిన రోజు నిండు మనిషిని అడుగుతుంది, మీకు అమ్మను అంది. అమ్మకానికి పెట్టినవాళ్ళ నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు.

అక్క నీళ్ళు తెచ్చింది. ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టింది. ఎనిమిది నెలలు నాకు చెప్పలేదేం అని అడుగుతుందని బావ తల దించుకుని ఎదురు చూశాడు. అడగలేదు. నా వైపు తిరిగింది.

"నట్టు దొరికిందిగా. ఆ కొత్తది ఇప్పుడు ఎగరొచ్చా?"

కొత్త నట్టు వేసి చీటీ తీసేస్తే అరగంటలో ఎగరొచ్చని చెప్పాను.

"అయితే అదే తీసుకుందాం. నేను నేర్చుకుంటాను," అంది అక్క. కెప్టెనమ్మని అడిగింది, నేర్పుతారా అని. ఆవిడ తల ఊపింది. అక్క మళ్ళీ బావ వైపు తిరిగి టేపు అంటించిన ఆ మ్యాప్ ఆయన ఒళ్ళో పెట్టింది. "మీరు ఇది పట్టుకోండి."

బావ ఆ మ్యాప్‌ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"ఒక్కటే ఇంజనే. నీళ్ళ మీద ఆగితే?"

"ఆగితే ఏది ఆగిందో వెతుక్కోనక్కర్లేదుగా," అంది అక్క, గుడ్డ కొస ముడి వేస్తూ. "పైన పిడి ఉంది, లాగుతాను."

మూడు వారాల పాటు గురువారం ప్రయాణాలు ఆగాయి. ఆ తరవాత అక్కకి లైసెన్సు వచ్చేదాకా కెప్టెనమ్మే వాళ్ళని పాతదానిలో దీవికి తీసుకెళ్ళింది, బావ వెనక సీట్లో కూర్చున్నాడు. కాగితం మీద నిజం రాశాడు, నడుముకి ఆపరేషను చేయించుకున్నాడు. స్పర్శ కొంత వచ్చింది, అంతా రాలేదు. అక్క యాభై రెండో ఏట, పది నెలలు పట్టినా, మొండిగా నేర్చుకుంది. కొత్తదాంట్లో ఆవిడ మొదటి గురువారం వెనక సీట్లో నేనూ వెళ్ళాను. కింద ఎటు చూసినా నీళ్ళు. ముందు ఒక్కటే ఇంజను, నేను బిగించినదే, ఒక్క గొంతుతో పాడుకుంటూ పోతోంది. రేడియోలో ఆవిడ మాట్లాడుతుంటే పక్కన బావ మ్యాప్ మీద వేలు పెట్టి, ఇదిగో ఇక్కడున్నాం అంటున్నాడు. నాకు ఒక్కసారిగా కళ్ళు నిండాయి, ఈసారి మసి అని చెప్పలేదు.

ఎక్కేముందు అక్క అట్టకి అంటించుకున్న జాబితా చదువుతుంది, ఇంధనం, నూనె, పెడళ్ళు, తలుపులు అని వరసగా. అన్నిటికన్నా పైన చేత్తో రాసిన పంక్తి ఒకటి ఉంది. ఆవిడ దాన్ని పైకి చదువుతుంది. బావ వంగి, ఎడమ బూటు విప్పి, తలకిందులు చేసి దులిపి చూపిస్తాడు. ఏమీ పడదు. అక్క ఒక్క క్షణం చెవి పెట్టి విని, అప్పుడు ఇంజను మీట నొక్కుతుంది.